పెన్సిలుతోనే రాయి

చి. కిరణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పెదనాన్నా కులాసా.

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు అలాస్కాలో డచ్ హార్బర్ అనే రేవులో పడవెక్కుతాడట. ఏవో జారుడు చేపలట, వాటిని జాతులుగా విడదీయడమే చదువట. అంతా నీ పోలికే. నువ్వే చెప్పు వాడికి" అంది. వెళ్ళొద్దని చెప్పమందో, జాగ్రత్తలు చెప్పమందో తేల్చలేదు. దానికే తేలినట్టు లేదు. పులుసులో ముళ్ళన్నీ ఏరి పెడితే తప్ప ముద్ద ముట్టనివాడివి, నువ్వు బేరింగ్ సముద్రం మీద చేపలు కోస్తావా అని ముందు నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. లైటు వేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో. వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకో, కదిలాక వేసుకుంటే మాత్ర కూడా సముద్రంలోకే పోతుంది. వల లాగే వించ్ యంత్రం తిరుగుతున్నప్పుడు తీగ దగ్గర నిలబడకు. వంటవాడితో స్నేహంగా ఉండు.

చేపలు పాడవకుండా వేసే మందు ఫార్మలిన్, దాని సంగతి మాత్రం ఒక్క ముక్కతో సరిపోదు. కళ్ళజోడు లేకుండా ఆ డబ్బా మూత తీశావంటే నా మీద ఒట్టే. చిన్నప్పుడు ఉల్లిపాయ కోస్తుంటేనే కళ్ళు వాచిపోయేవి నీకు. నాకు ఎడమ కన్ను ఇప్పటికీ చలిగాలికి నీళ్ళు కారుతుంది, ఎందుకని మీ అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇక చేప. మీ అమ్మ జారుడు చేప అన్నది స్నెయిల్‌ఫిష్‌నే. పుస్తకాల్లో ఎన్ని బొమ్మలు చూసినా దాన్ని చేతిలోకి తీసుకునేదాకా అది ఏమిటో తెలియదు. లేత తాటిముంజెని పొట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నట్టుంటుంది. పొలుసులుండవు. చర్మం కింద జిగురులాంటి పొర ఉంటుంది, వేలు గట్టిగా ఆనిస్తే చాలు చర్మం ఊడొస్తుంది. ముంజెని నలగకుండా తీయడం నీకు మీ తాతయ్య నేర్పాడు కదా, ఆ వేళ్ళే కావాలి ఇక్కడ.

కుటుంబం పేరు లిపారిడే. ముప్పై దాకా ప్రజాతులు, నాలుగు వందలకు పైగా జాతులు. ఒడ్డున ఆటుపోట్ల గుంటల్లో బతికేవీ ఇందులోనివే, 2022లో జపాన్ దగ్గర ఇజు-ఒగసవర అగాధంలో 8,336 మీటర్ల లోతున కెమెరాకి చిక్కిన చేపా ఇందులోదే. అంత లోతున మరే చేపనీ ఎవరూ చూడలేదు. పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి: పెద్ద తల, సన్నగా సాగే తోక, గులాబీ రంగో నలుపో. అసలు చిక్కు అక్కడే.

నేను ఈ పని చేసే రోజుల్లో మాకు నేర్పిన పద్ధతి తేలిగ్గా ఉండేది. తిరగేసి చూడు. చాలావాటికి పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి, రాళ్ళకి అంటుకునే గుండ్రటి బిళ్ళగా మారి ఉంటాయి. బిళ్ళ ఉండి, పక్కకి రెండేసి ముక్కు రంధ్రాలుంటే లిపారిస్. బిళ్ళ ఉండి, పక్కకి ఒక్కటే ఉంటే కేరెప్రాక్టస్. బిళ్ళే లేకపోతే పారాలిపారిస్. ఈ మూడు గంపల్లో వేసేస్తే సగం పని అయిపోయిందనుకునేవాళ్ళం. కానీ ఎలాసోడిస్కస్ అని ఒకటుంది, దానికి బిళ్ళ ఉందనాలో లేదనాలో తెలియనంత చిన్నది. దాన్ని మొదటిసారి భూతద్దం కింద పెట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది, పోతూ పోతూ ఉన్నదాన్ని మధ్యలో పట్టుకున్నామేమో అని. 2019లో డీఎన్ఏ చూసి తేల్చారు. బిళ్ళ పోవడం ఒక్కసారి జరిగింది కాదట, వేరువేరు కొమ్మల్లో విడివిడిగా పోయిందట. కేరెప్రాక్టస్ అనీ పారాలిపారిస్ అనీ మనం రాసే పేర్లు ఒక్కో తల్లి పిల్లలకి పెట్టినవి కావు. 1930లో చార్ల్స్ విక్టర్ బర్క్ కుటుంబం మొత్తాన్ని తిరగేసి సర్దాడు. ఇప్పుడు మళ్ళీ సర్దాలి. నీ గైడ్ నీకు అప్పగించింది ఈ చిక్కుముడినే. నాకు గర్వంగానే ఉందిరా, మీ అమ్మకి చెప్పకపోయినా.

తల మీది రంధ్రాలు లెక్కపెట్టడం అలవాటు చేసుకో. ముక్కు దగ్గర 2, పై దవడ వెంట 6, కింది దవడ నుంచి చెంప దాకా 7, మొప్పల పైన 2 లేదా 1. ఈ చివరి అంకె దగ్గరే ఆగి మళ్ళీ లెక్కపెట్టు. తడిగా ఉన్నప్పుడు కనిపించవు, సన్నటి గొట్టంతో మెల్లిగా గాలి ఊదితే తెరుచుకుంటాయి. వెన్నుపూసలకి ఎక్స్‌రే ఉంది, దానికి కంగారు లేదు.

మన గోదావరిలో పులసా సముద్రంలో విలసా ఒకటే చేప, పేర్లే రెండు. ఇక్కడ దానికి తలకిందులు. కేరెప్రాక్టస్ రాస్ట్రినస్ అని 1912లో గిల్బర్ట్, బర్క్ పేరు పెట్టారు. సామన్ రంగు, అంటే నారింజ కలిసిన గులాబీ రంగు చేప. ఆ తరవాత ఉత్తర పసిఫిక్‌లో ఆ రంగులో ఏది వచ్చినా చాలామంది ఆ పేరే రాసేశారు. నేనూ రాశాను, ఎన్ని సీసాల మీదో లెక్కలేదు. 2015లో ఆ గుంపుని విడదీస్తే ఏడు జాతులు తేలాయి, బ్యూఫోర్ట్ సముద్రం నుంచి ఎనిమిదోది కొత్తగా కలిసింది.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. మీ పెదనాన్నకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

2004 వేసవి. బేరింగ్ సముద్రపు అంచున, నేల జారిపోయే వాలు మీద వలలు లాగుతున్నాం. ఆ రోజు రెండు వలలు వెంటవెంటనే వచ్చాయి, ఒకటి మూడు వందల మీటర్ల నుంచి, రెండోది తొమ్మిది వందల మీటర్ల దగ్గర నుంచి. బల్ల మీద కొండలా పీతలు. ఒక కింగ్ క్రాబ్ డొప్ప తీస్తే మొప్పల గదిలో ముద్దగా గుడ్లున్నాయి. ఈ స్నెయిల్‌ఫిష్‌లలో కొన్ని అలా పీత డొప్ప లోపల గుడ్లు దాచుకుంటాయి. అందరం దాని చుట్టూ మూగాం. నా దగ్గర వలకొకటి చొప్పున రెండు పసుపు బకెట్లున్నాయి, ఒకదానిలో మూడు గులాబీ చేపలు, రెండోదానిలో ఒకటి. ఏది ఏ వలదో రెండు చీటీలు రాసి జేబులో పెట్టుకున్నాను. బకెట్లో వెయ్యలేదు. పీత చూసి వచ్చి వేద్దామనుకున్నాను.

వచ్చేసరికి కుర్రాడెవడో బల్ల కడిగి, జాగా కోసం నాలుగు చేపల్నీ ఒకే బకెట్లో పోసేశాడు. వాణ్ణి ఏమనను? చీటీ లేని బకెట్ అది. అప్పుడే మా బృందం పెద్దాయన వచ్చి "ఇవి ఏ వలవి?" అన్నాడు. తెలియదు అనడానికి నోరు రాలేదు. ఆ పడవ మీద నాకంటే జాగ్రత్తపరురాలు లేదని పేరు. మూడు వందల మీటర్ల వల నంబరు చెప్పాను, నాలుగింటికీ. చీటీ మీద అదే రాశాను, చెయ్యి వణకలేదు కూడా. డీఎన్ఏ కోసం కండ ముక్క తీసి ఎథనాల్‌లో వేసే గొట్టాలు ఇంకో జేబులోనే ఉన్నాయి. ఎలాగూ అన్నీ ఒకటే అని తీయలేదు. ఫొటో తీయలేదు. నాలుగూ ఫార్మలిన్‌లోకి వెళ్ళాయి. ఆ తరవాత ఆల్కహాల్‌లోకి. రెండేళ్ళకి ఉడికిన గుడ్డు తెల్లసొనలా అయిపోయాయి, ఏది ఏ రంగో చెప్పడానికి లేదు.

ఆరేళ్ళ తరవాత ఒకాయన ఉత్తరం రాశాడు. మీ సీసాలో నాలుగో చేప తేడాగా ఉంది, మొప్పల పైన రంధ్రం ఒక్కటే, బిళ్ళ మరీ చిన్నది, ఇలాంటిది మూడు వందల మీటర్ల దగ్గర ఉందంటే నమ్మశక్యంగా లేదు, మీకు నంబరు ఖాయంగా గుర్తుందా అని. ఎంత మర్యాదగా అడిగాడో! మూడు వారాలు జవాబివ్వలేదు. అవునని రాసి రెండుసార్లు చింపేశాను. ఆఖరికి మీ పెదనాన్న పక్కన కూర్చుంటే ఉన్నదున్నట్టు రాశాను. ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ ఆయనకి పనికొచ్చేలా రాలేదు. లోతు తెలియదు, రంగు తెలియదు. ఆ చేప ఏమిటో ఆయన తేల్చలేకపోయాడు. మ్యూజియం వాళ్ళు తిట్టలేదు. "వల నంబరు నమ్మవద్దు" అని ఇంకో చీటీ నన్నే రాసి సీసాలో వెయ్యమన్నారు. వేశాను.

మొన్న ఒక వార్త చదివాను. కాలిఫోర్నియా దగ్గర సముద్రం అడుగున ఉన్న మాంటెరీ లోయలో 3,268 మీటర్ల లోతున 2019లో ఒకే ఒక్క గులాబీ చేప దొరికిందట, ఒళ్ళంతా బుడిపెలు. నీటిలో ఉండగానే వీడియో, స్కానింగ్, డీఎన్ఏ, అన్నీ ఉన్నాయి. ఆ ఒక్కదానితోనే 2025లో కేరెప్రాక్టస్ కొల్లిక్యులై అని కొత్త జాతిగా నిలబెట్టారు. చదివి లేచి వెళ్ళి అంట్లు తోముకున్నాను.

అందుకని, ఒరేయ్, విను. చీటీ ముందు, చేప తరవాత. ఖాళీ బకెట్లో చీటీ పడ్డాకే చెయ్యి చేప మీదకి పోవాలి. రంగు పోకముందే ఎడమ పక్క ఫొటో తియ్యి, కండ ముక్క కుడి పక్క నుంచి కొయ్యి, ఫార్మలిన్ ఆఖరున. ఎవరైనా ఏ వలది అని అడిగితే, తెలియకపోతే తెలియదను. నవ్వితే నవ్వనీ. నీకు అబద్ధం అలవాటు లేదని నాకు తెలుసు. నాకూ లేదు. అప్పుడు రాత్రి రెండున్నర అయింది, కాళ్ళు తడిసిపోయి ఉన్నాయి, అంతే. రోజుకి ఆరు గంటలు నిద్రపో, పని మిగిలితే మిగిలింది. ఇది చెప్పడానికేనేమో ఇదంతా రాసింది.

చలికి నీ చెవి మళ్ళీ పోటు పెడుతుందేమో, ఉన్ని టోపీ అల్లుతున్నాను. నీలం దారం అయిపోయింది, చివర ఎరుపు కలిపాను, వంక పెట్టకు.

పడవెక్కేముందు మ్యూజియంలో పాత సీసాలు చూడమంటారు నిన్ను. గులాబీ చేపల అలమరాలో నాలుగు చేపలూ రెండు చీటీలూ ఉన్న సీసా ఒకటి కనిపిస్తుంది. చేతిరాత గుర్తుపడతావు, నీ పుట్టినరోజు కార్డుల మీదిదే. చూసి యథాస్థానంలో పెట్టెయ్యి.

పార్శిల్‌లో టోపీతో పాటు రెండు డజన్ల పెన్సిళ్ళు పంపుతున్నాను. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అందినట్టు ఫోన్ చెయ్యి, ముందు మీ అమ్మకి, తరవాత నాకు.

ఇట్లు,
పెద్దమ్మ