బయాస్‌లో కనిపించే ఎస్‌ఎస్‌డి విండోస్ సెటప్‌లో ఎందుకు కనిపించదు?

పాలకొల్లులో ఉన్న మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 మళ్లీ వేయబోతే డిస్కు ఎంచుకునే చోట జాబితా ఖాళీగా వస్తోందనీ, డ్రైవులేవీ దొరకలేదు, డ్రైవరు లోడ్ చేయండి అని తెర మీద చూపిస్తోందనీ, తెలిసినవారికి చూపిస్తే ఎస్‌ఎస్‌డి (ఫైళ్లన్నీ ఉండే డిస్కు) పోయింది, కొత్తది వేయాలి అన్నారనీ రాశారు. ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగుల తెరలోకి వెళితే 512 జీబీ ఎస్‌ఎస్‌డి పేరు కనబడుతోందనీ, ప్రాసెసర్ 11వ తరం ఇంటెల్ ఐ5 అనీ కూడా చెప్పారు. నాకు ఈ రెండు వివరాలు చాలు. మీ ఎస్‌ఎస్‌డి పోలేదని గట్టిగా నమ్ముతున్నాను. దయచేసి ఇప్పుడే కొత్తది కొనకండి.

నేను అమలాపురంలో పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. 2021 చివర్లో, రావులపాలెంలో ఉండే మా మేనకోడలు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ దగ్గర నేను కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. పెన్‌డ్రైవును మూడుసార్లు కొత్తగా తయారుచేశాను, పోర్టు మార్చాను, అయినా జాబితా ఖాళీగానే ఉంది. రాత్రి పది దాటాక వెనక మూత విప్పి, ఎస్‌ఎస్‌డిని ఊడదీసి, ఎన్‌క్లోజర్‌లో (డిస్కును బయటి నుంచి యూఎస్‌బీతో తగిలించే పెట్టెలో) పెట్టి నా కంప్యూటర్‌కు తగిలిస్తే పార్టిషన్లన్నీ, అంటే డిస్కులోని భాగాలన్నీ, చెక్కుచెదరకుండా కనిపించాయి. "మావయ్యా, మరి అందులో కనబడేది ఇందులో ఎందుకు కనబడట్లేదు?" అని ఆ అమ్మాయి అడిగింది. అసలు ప్రశ్న అదే.

కారణం వీఎండీ, అంటే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్. ఇంటెల్ దీన్ని మొదట సర్వర్లలో వాడే జియాన్ ప్రాసెసర్లలో పెట్టి, 11వ తరం నుంచి మామూలు ల్యాప్‌టాప్‌లలోకి కూడా తెచ్చింది. ఇది ఆన్‌లో ఉన్నప్పుడు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డి (కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే వేగమైన రకం) నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎదురుపడదు, ప్రాసెసర్‌లోని ఈ కంట్రోలర్ వెనకాల ఉంటుంది. బయాస్‌కు ఆ ఏర్పాటు తెలుసు కనుక పేరు చూపిస్తుంది. మనం చేసుకునే చాలా ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవుల్లో దీనికి సంబంధించిన డ్రైవరు, అంటే ఆ కంట్రోలర్‌తో మాట్లాడటానికి విండోస్‌కు కావలసిన చిన్న ప్రోగ్రాము, ఉండదు కనుక సెటప్‌కు ముందున్న కంట్రోలరూ అర్థం కాదు, వెనకనున్న డిస్కూ కనిపించదు.

కాబట్టి ఆ డ్రైవరును మనమే అందించాలి. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మోడల్ నంబరు ఇచ్చి, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్‌ఎస్‌టీ) అనే డ్రైవరును మరో కంప్యూటర్‌లో దించుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే: దించుకున్న ఆ ఇన్‌స్టాలర్ ఫైలును ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవులో వేస్తే సెటప్ దాన్ని పట్టించుకోదు, దాని లోపలి ఫైళ్లు విడిగా కావాలి. ఇంటెల్ వారి సెటప్‌ఆర్‌ఎస్‌టీ ఫైలు అయితే, కమాండ్ విండోలో దాని పేరు టైపు చేసి, ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి రాసి, మళ్లీ ఖాళీ వదిలి ఒక ఫోల్డరు పేరు ఇస్తే ఫైళ్లన్నీ అందులోకి విడిపోతాయి. ఐఎన్‌ఎఫ్ ఫైళ్లు ఉన్న ఆ ఫోల్డరు మొత్తాన్ని విండోస్ పెన్‌డ్రైవులోనే వేసుకుని, ఖాళీ జాబితా వచ్చినచోట లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ చేసి దాన్ని చూపించండి. సరిపడని డ్రైవర్లను దాచే టిక్కు కింద ఉంటుంది, దాన్ని తీయకండి. మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ 9ఏ0బీ అన్న వరుస ఒక్కటే మిగిలింది. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కాక, క్షణాల్లో డిస్కు జాబితాలోకి వచ్చింది.

ఇంత పని ఎందుకు, బయాస్‌లో వీఎండీని ఆపేస్తే పోదా అని కొందరు చెబుతారు. ఆ దారి కూడా పనిచేస్తుంది, ఒకే ఎస్‌ఎస్‌డి ఉన్న ల్యాప్‌టాప్‌కు నష్టమేమీ లేదు. ఏసర్ మోడళ్లు కొన్నింటిలో మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే ఆ ఎంపిక బయటపడుతుంది. కానీ డిస్కులో పాత విండోస్, పాత ఫైళ్లు ఇంకా ఉన్నప్పుడు నేను ఆ జోలికి వెళ్లను. వీఎండీ ఆన్‌లో ఉండగా వేసిన విండోస్, దాన్ని ఆపగానే బూట్ కాక నీలితెర చూపవచ్చు, బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఎవరైనా ఇప్పటికే ఆపేసి ఇలా చిక్కుకుంటే కంగారుపడకుండా బయాస్‌లో తిరిగి ఆన్ చేయండి, మామూలుగా ఎప్పటిలాగే లేస్తుంది.

బయాస్‌లో కూడా పేరు రాకపోతే అది వేరే కథ, మా వైపు దాని వెనక చాలాసార్లు ఉప్పుగాలి ఉంటుంది. అంతర్వేది దగ్గర రొయ్యల చెరువుల ఆఫీసు నుంచి ఒక పెద్దాయన డెస్క్‌టాప్ తెచ్చారు. మరొకరు విండోస్ వేయబోతే 1 టీబీ హార్డ్‌డిస్కు కనిపించలేదట. "ఆయ్, మొన్నటిదాకా బాగానే తిరిగిందండి, లెక్కలన్నీ అందులోనే ఉన్నాయండి" అన్నారు. పక్క మూత తీసి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబులు లాగితే కొంచెం పట్టేసినట్టుగా ఊడింది. కనెక్టరును దీపం కిందికి తెచ్చి చూస్తే, డేటా వైపున్న ఏడు కాంటాక్టుల్లో చివరి మూడింటి మీద పసుపు మెరుపు పోయి పచ్చటి చిలుము సన్నటి పొరలా పేరుకుని ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిచి, వదలని చోట పెన్సిల్ రబ్బరుతో చాలా తేలికగా రుద్ది, మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి కొత్త కేబులు పెట్టాను. బయాస్‌లో పేరు వచ్చింది. లెక్కలు వేరే డిస్కులోకి ఎక్కించి ఆయన చేతికిచ్చేవరకు నేను విండోస్ మాట ఎత్తలేదు.

అలాంటప్పుడు హార్డ్‌డిస్కు మీద వేలు ఆనించి చూడండి. సన్నగా తిరుగుతున్న అదురు తెలిస్తే కేబులును అనుమానించవచ్చు. టక్‌టక్‌మని లయగా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కరెంటు ఆపేయండి, ఎందుకంటే లోపలి హెడ్ దెబ్బతిని ఉండవచ్చు, తిప్పిన కొద్దీ డేటా పోతుంది.

కొత్తగా కొన్న ఎం.2 ఎస్‌ఎస్‌డి (సన్నటి పట్టీలా ఉండేది) కనబడకపోతే దాని అంచు చూడాలి. ఒకే గాటు ఉన్నది సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లు ఉన్నది చాలావరకు సాటా. ఎన్‌వీఎంఈకి మాత్రమే ఉద్దేశించిన స్లాటులో సాటా రకం చక్కగా కూర్చుంటుంది గానీ పనిచేయదు. తణుకులో ఒక రైస్‌మిల్లు వారు పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 వేయమన్నారు. విండోస్ 7లో ఎన్‌వీఎంఈ డ్రైవరే ఉండదు, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా 2020 జనవరి 14తో ముగిసింది. అక్కడ డిస్కును తప్పుపట్టి లాభం లేదు.

మీ విషయానికి వస్తే, డ్రైవరు వేయడానికి ముందే నిర్ధారించుకోవాలంటే కొత్త ఉబుంటును (విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను) పెన్‌డ్రైవులో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్న ఎంపికతో తెరవండి. లినక్స్ కెర్నల్‌లో వీఎండీ డ్రైవరు ఉంటుంది కనుక ఎస్‌ఎస్‌డి అక్కడ కనిపించాలి. కనిపిస్తే, కొత్తది వేయాలన్నవారికి ఆ తెర చూపించండి. బిట్‌లాకర్ లేకపోతే ఫైళ్లు కూడా అక్కడినుంచే తీసుకోవచ్చు.

విండోస్ సెటప్‌లో డ్రైవరు లోడ్ చేశాక డిస్కు కనిపిస్తుంది, కానీ 512 అని కాక మొత్తం దాదాపు 476 జీబీ అని చూపిస్తుంది. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా మాత్రమే, ఏమీ పోలేదు. పాత పార్టిషన్లు కూడా అక్కడే వరుసగా వస్తాయి. వాటిలో దేన్నీ డిలీట్ చేయకముందే మీ తమ్ముడికి ఫోన్ చేసి, డెస్క్‌టాప్ మీదా డౌన్‌లోడ్స్‌లోనూ ఉన్న ఫైళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో అడగండి. లేవంటే సెటప్‌ను అక్కడే మూసేసి, ముందు వాటిని బయటికి తీయండి. బిట్‌లాకర్ ఉండి ఉబుంటులో అవి తెరుచుకోకపోతే, రికవరీ కీ మీ తమ్ముడి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో చూడమనండి. ఏ దశలోనైనా ఆగిపోతే ల్యాప్‌టాప్ మోడల్ నంబరూ, తెర మీది మాటా ఉన్నదున్నట్టు రాయండి, చూసి చెబుతాను.