బుజ్జీ, ముందు ఆ మాగ్నెట్ సంగతి తేల్చుకో

బుజ్జీ,

బెంగళూరులో ఉద్యోగం మానేసి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకి పెట్టే ఇంప్లాంట్లు తయారుచేస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పవే దానికి" అంది. మానమని నేను చెప్పను. చెన్నైలో ఇన్నేళ్లు రేడియేషన్ ఫిజిసిస్టుగా చేశాను, ఈ వస్తువులు డోసు లెక్కలు వేసే మా ప్లానింగ్ గదిలో ఎంత ఇబ్బంది పెట్టాయో చూశాను, మనింటి పిల్ల ఆ పని నెత్తికెత్తుకుంటానంటే గర్వంగా ఉంది. భయమూ ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అందరూ చెప్పేవి త్వరగా చెప్పేస్తాను. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ మొదటి పేజీ నుంచి చదువు, మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి లేకుండా ఏ మనిషి ఒంట్లోనూ ఏదీ పెట్టకూడదు. ఒంటికి పడుతుందో లేదో చూసే పరీక్షలకి తిరువనంతపురంలో శ్రీచిత్ర వైద్య సంస్థ ఉంది. చవక సిలికాన్ కోసం వెతక్కు: ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని సిలికాన్ నింపిందని 2010లో బయటపడింది, ఎన్నో దేశాల్లో ఆడవాళ్లు వాటిని తీయించుకోవడానికి మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నారు. పైపొర గరుకుగా చేద్దామనిపిస్తే, 2019లో అలర్గాన్ తన బయోసెల్ రకాన్ని ఎందుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందో, ఆ లింఫోమా అనే క్యాన్సర్ సంగతి ముందు చదువు.

ఇక నా టెన్షన్ అంతా ఎక్స్‌పాండర్ మీదే. అసలు ఇంప్లాంట్‌కి ముందు చర్మం సాగడానికి పెట్టేది. దానికో పోర్ట్ ఉంటుంది, అందులోకి సూదితో విడతలవారీగా సెలైన్ ఎక్కిస్తారు. చర్మం కింద పోర్ట్ ఎక్కడుందో తెలియాలి కదా, అందుకని చాలా రకాల్లో లోపల చిన్న మాగ్నెట్ పెట్టారు, పైన ఇంకో మాగ్నెట్ పట్టుకుంటే చోటు దొరికిపోతుంది. సర్జన్‌కి బాగానే ఉంది. ఆ తర్వాత ఆమె ఏయే గదులకి వెళ్తుందో ఆ డిజైన్ చేసినవాళ్లు ఆలోచించలేదు.

సూళ్లూరుపేట వైపు నుంచి ఒకావిడ వచ్చేది. ఆపరేషన్ ఒక ఆస్పత్రిలో, స్కాన్ వేరే సెంటర్లో, కరెంటు, అదే రేడియేషన్, పెట్టేది మా దగ్గర. ఇక్కడ చాలామందికి ఇలాగే జరుగుతుంది. నడుం నొప్పి తగ్గడం లేదని, వెన్నుకి పాకిందేమోనని డాక్టరు ఎంఆర్ఐ రాశారు, అది పెద్ద మాగ్నెట్‌తో తీసే స్కాన్. స్కాన్ సెంటర్లో ఫారం ఇంగ్లిష్‌లో, తమిళంలో ఉంది, ఆమెకి తెలుగు తప్ప రాదు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో లోహం ఉందా అని అడిగితే కొడుకు లేదని టిక్ పెట్టాడు. ఆమె మాత్రం "రొమ్ములో నీళ్ల సంచి పెట్టారు బాబూ" అని చెప్పింది. నీళ్లే కదా, ఏం కాదులే అనుకున్నారు. బల్ల లోపలికి జరుగుతుంటే ఛాతీని ఎవరో లాగుతున్నట్టుందని అరిచింది, ఆపేశారు. కానీ అప్పటికే పోర్ట్ లోపల తిరగబడిపోయింది, తర్వాత సూది దిగలేదు. మళ్లీ కోశారు. కుట్లు మానడానికి టైం పట్టింది, ఆ గాయం మానేదాకా కరెంటు వాయిదా. ఆ వాయిదా వారాల్లో ఆమె ప్రతిసారీ "ఆలస్యమైతే మళ్లీ వస్తుందామ్మా" అని అడిగేది, నాకు గొంతు పెగిలేది కాదు. చివరికి కరెంటు పూర్తిచేసుకుని ఇంటికెళ్లింది, కానీ ఆ వారాలు ఆమెకి ఎవరు తిరిగిస్తారు? ఆమె అబద్ధం చెప్పలేదు, కొడుకూ చెప్పలేదు. తన ఒంట్లో మాగ్నెట్ ఉందని వాళ్లకి తెలిసే దారే లేదు.

అందుకని కార్డు ఇచ్చాంలే అని ఊరుకోకు. కార్డులు పోతాయి. కీమో పోర్టుల్లో కొన్నిటికి మామూలు ఎక్స్‌రేలో కనిపించేలా అడుగున 'సీటీ' అని అక్షరాలు ఉంటాయి, చూశావా? నీ పోర్ట్ కూడా అలా తన సంగతి తానే చెప్పుకోవాలి.

మా గదిలో గొడవ వేరే. ఆ మాగ్నెట్ నీళ్లకంటే ఏడెనిమిది రెట్లు బరువైన లోహం. సీటీలో దాని చుట్టూ తెల్లగా నల్లగా చారలు పడతాయి, పక్కనున్న కండ సాంద్రత కూడా తప్పుగా చూపిస్తుంది, ఆ లెక్కతోనే మేం డోసు వేయాలి. దాని వెనక నీడ పడినచోట డోసు తగ్గుతుంది, కిరణం ఆ మాగ్నెట్ బిళ్లని అడ్డంగా దాటితే కొంచెం, అంచు వెంట పొడుగునా వెళ్తే చాలా. లోపల ఏ లోహం, ఎంత మందం అని కంపెనీకి రాస్తే జవాబుకి రోజులు పట్టేది. నువ్వు కొలతలు, పదార్థం, సాంద్రత అన్నీ కరపత్రంలోనే అచ్చు వేయించు తల్లీ, దాయకు.

మాగ్నెట్ తీసేసి, రేడియో తరంగాలతో చోటు చెప్పే ఆర్ఎఫ్ఐడీ చిప్ పెడతానంటావని తెలుసు. అలాంటి చిప్ ఉన్న మోటివా కంపెనీ ఎక్స్‌పాండర్ ఫ్లోరాకి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. మంచి దారే. కానీ చిప్‌కి తీగచుట్ట ఉంటుంది, అందుకే అది ఎంఆర్ఐకి పూర్తిగా సురక్షితమనే 'ఎంఆర్ సేఫ్' కాదు, చెప్పిన షరతుల్లోనే స్కాన్ చేయొచ్చనే 'ఎంఆర్ కండిషనల్'. 1.5 టెస్లా, 3 టెస్లా బలమున్న స్కానర్లలో లాగుడు, వేడి, బొమ్మలో పడే మచ్చ, మూడూ విడివిడిగా చూడాలి. ఇంకోటి, 25 రోజుల్లో 50 గ్రే రేడియేషన్ డోసు పడ్డాక ఆ చిప్ ఇంకా పలుకుతుందా? అంతకంటే ఎక్కువే పెట్టి చూడు. పోర్ట్ అడుగుని పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తే మాకు నీడ బాధ తగ్గుతుంది, కానీ సూది మొన తగిలి ఆగాలి, పదేపదే గుచ్చినా గాట్లు పడి పొట్టు రాలకూడదు. టైటానియం నడిమి దారి. ఏది ఎంచుకున్నా, సెలైన్ ఎక్కించే నర్సు చేత గుచ్చించి చూడకుండా డ్రాయింగ్ ఖాయం చేయకు. ఆ పిల్లల చేతులకి తెలిసినంత మన కంప్యూటర్లకి తెలియదు.

నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎవర్నీ అడక్కుండా విప్పేసి కూర్చుంటావు. ఈసారి అడుగు. సిగ్గుపడకుండా అడుగు, తిట్టినా అడుగు. తిండి మానేసి రాత్రంతా కూర్చోకు, మీ అమ్మ నిద్రపోవడం లేదు.

మొదటి పోర్ట్ నమూనా రాగానే పట్టుకుని చెన్నై వచ్చెయ్. నా దగ్గర చేసిన పిల్లలు ఇప్పుడు పెద్ద పోస్టుల్లో ఉన్నారు, పేషెంట్లు అయిపోయాక సీటీ, కరెంటు పెట్టే లినాక్ యంత్రం ఓ గంట ఇప్పిస్తాను. మనిషి బదులు పెట్టి డోసు కొలిచే ఛాతీ ఫాంటమ్ వాళ్ల దగ్గరే ఉంది. మాగ్నెట్ ఉన్న పాతరకం ఎక్స్‌పాండర్ కూడా ఒకటి సంపాదించి తీసుకురా, రెండూ పక్కపక్కన పెట్టి కొలుద్దాం.

పిన్ని