1917లో రష్యా సైనికులు జనాన్ని కాల్చమంటే జనంలోనే ఎందుకు కలిసిపోయారు?

ప్రశ్న అడిగినవారు "ఫ్రంట్‌లో (మొదటి ప్రపంచ యుద్ధ రంగంలో) ఓడిపోతున్న సైనికులు తిరగబడ్డారు, లెనిన్ నడిపించాడు" అన్నారు. జార్‌ను (రష్యా చక్రవర్తిని) దించేసిన ఫిబ్రవరి విప్లవం మాటైతే రెండూ కావు. అప్పటికి లెనిన్ స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు. తిరుగుబాటు పుట్టింది రాజధాని పెట్రోగ్రాడ్ నడిబొడ్డున ఉన్న బ్యారక్‌లలో.

నేను ఆ ఊళ్ళోనే (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ఇంజనీరింగ్ చదివాను. మా హాస్టల్ నెవా నదికి ఉత్తరాన, వైబోర్గ్ వైపు ఉండేది. ఒకప్పుడు అదంతా ఫ్యాక్టరీ కార్మికుల పేట. సెలవు రోజున లితేయ్నీ వంతెన దాటి దక్షిణంగా నడుస్తుంటే, ఎడమ చేతి వైపు సందుల్లో పాత ప్రియొబ్రజెన్‌స్కీ, వోలిన్‌స్కీ రెజిమెంట్ల బ్యారక్‌లు ఉన్న చోట్లు వస్తాయి. ఇంకొంచెం అవతల డూమా (అప్పటి పార్లమెంటు) సమావేశమైన తావ్రిచెస్కీ భవనం. ఇంకా కిందికి వెళ్తే నెవ్‌స్కీ వీధి, కాల్పులు జరిగిన జ్నామెన్‌స్కయా కూడలి. దాన్ని ఇప్పుడు తిరుగుబాటు కూడలి అంటున్నారు. ఇవన్నీ కాలినడకన చుట్టేయొచ్చు. సైనికుడు, కార్మికుడు, రొట్టె క్యూలో నిలబడ్డ ఆడమనిషి, ముగ్గురూ ఇరుగుపొరుగువాళ్ళే.

బ్యారక్‌లలో ఉన్నవాళ్ళెవరో కూడా చూడాలి. పేరుకు గార్డ్స్ (జార్ మేటి దళాల) రెజిమెంట్లే గానీ అసలు గార్డ్స్ ఫ్రంట్‌లో ఉన్నారు. ఊళ్ళో మిగిలినవి రిజర్వ్ బెటాలియన్లు. కొత్తగా పట్టుకొచ్చిన రైతు కుర్రాళ్ళు, నలభై దాటిన సంసారులు, గాయం మానగానే మళ్ళీ ఫ్రంట్‌కి పోవాల్సినవాళ్ళు. లక్షన్నరకు పైగా మనుషుల్ని చాలీచాలని గదుల్లో కుక్కారు. ఇళ్ళ దగ్గర పెళ్ళాలకు ప్రభుత్వం ఇచ్చే భత్యం పెరిగే ధరల ముందు ఏ మూలకూ చాలలేదు. ఆ గోడంతా ఉత్తరాల్లో వచ్చేది. హెచ్చరిక లేకుండా కూడా ఏం జరగలేదు: 1916 అక్టోబరులోనే వైబోర్గ్ వైపు సమ్మె కార్మికుల పక్షాన 181వ రిజర్వ్ రెజిమెంట్ సైనికులు దిగారు.

ఫిబ్రవరి 23న (పాత క్యాలెండర్, మనకు మార్చి 8) బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం పని ఆపి వీధిలోకొచ్చారు. దేశంలో ధాన్యం లేక కాదు. రైళ్ళు అందక, ఇంధనం లేక, పిండి సమయానికి ఊరు చేరలేదు. ఆ చలిలో బస్సు కోసం కాసేపు నిలబడితేనే నా వేళ్ళు కొయ్యబారిపోయేవి. వాళ్ళు ఫ్యాక్టరీలో పని చేసి వచ్చి గంటలకొద్దీ నిలబడేవారు. పోలీసులు వంతెనల దగ్గర అడ్డుకుంటే జనం గడ్డకట్టిన నెవా మీదుగా ఇవతలికొచ్చేశారు. హెచ్చరిక బోర్డులున్నా ఇప్పటికీ ఫిబ్రవరిలో ఆ మంచు మీద అడ్డంగా నడిచిపోయేవాళ్ళని నేను చూశాను.

25న మొగిల్యోవ్‌లోని సైనిక కేంద్రం నుంచి జార్ నికొలస్ టెలిగ్రాం ఇచ్చాడు: రేపటికల్లా అల్లర్లు ఆపేయాలి. నన్నడిగితే సామ్రాజ్యాన్ని కూల్చింది ఈ ఒక్క ఆజ్ఞే. అప్పటిదాకా సైనికులు చూసీచూడనట్టు ఊరుకోగలిగారు. ఇప్పుడు కాల్చడమో మానడమో తేల్చుకోక తప్పలేదు. 26 ఆదివారం జ్నామెన్‌స్కయా దగ్గర వోలిన్‌స్కీ శిక్షణ దళం కాల్పుల్లో పదులకొద్దీ జనం చచ్చిపోయారు. తలల మీదుగా కాల్చమని తనవాళ్ళకు చెప్పానని సార్జెంట్ తిమొఫేయ్ కిర్పిచ్నికోవ్ తర్వాత రాసుకున్నాడు. ఆ రాత్రి బ్యారక్‌లో అతనూ తోటివాళ్ళూ రేపు కాల్చేది లేదని నిర్ణయించుకున్నారు. తెల్లారి కెప్టెన్ లష్కెవిచ్ వచ్చాడు. సైనికులు ఎదురు తిరిగారు. అతను బయటికి వెళ్తుంటే వెనకనుంచి తుపాకీ పేలింది, చచ్చిపోయాడు.

ఇక్కడినుంచి ఆదర్శం కంటే భయం ఎక్కువ పనిచేసింది. యుద్ధకాలంలో ఆఫీసరు చచ్చిపోయాక ఒక్క దళమే మిగిలితే అందరికీ మరణశిక్షే. అందుకే పక్క బ్యారక్‌లకు పరిగెత్తి ప్రియొబ్రజెన్‌స్కీ, లితోవ్‌స్కీ రెజిమెంట్ల వాళ్ళను లాక్కొచ్చారు. సాయంత్రానికి వేలకు వేలమంది అయ్యారు. జైళ్ళు తెరిచారు, జిల్లా కోర్టు తగలబడింది. దీన్ని పువ్వులు చల్లుకున్న విప్లవంగా చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. క్రోన్‌స్టాట్ నౌకాస్థావరంలో నావికులు అడ్మిరల్ వీరెన్‌నీ, ఇంకా చాలామంది ఆఫీసర్లనీ చంపేశారు.

మార్చి 1న సోవియట్ (కార్మికులు, సైనికులు ఎన్నుకున్న ప్రతినిధుల సభ) ఇచ్చిన ఆజ్ఞ నంబర్ 1ని సైనికులు చుట్టూ నిలబడి చెబుతుంటే లాయర్ సొకలోవ్ రాశాడు. ప్రతి దళానికీ ఎన్నికైన కమిటీ, ఆయుధాలు కమిటీ చేతిలో, ఆఫీసరు సైనికుణ్ణి 'నువ్వు' అనకూడదు. మర్నాడు ప్స్కోవ్‌లో రైలులోనే జార్ గద్దె దిగాడు.

సైనికులు సంపాదించుకున్న అసలు హామీ వేరే ఉంది. జార్ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం మొదటి ప్రకటనలోనే విప్లవంలో పాల్గొన్న దళాల ఆయుధాలు తీసుకోబోమని, ఆ దళాలను పెట్రోగ్రాడ్ నుంచి కదిలించబోమని రాసిచ్చింది. అంటే మళ్ళీ ఫ్రంట్‌కి పోనక్కర్లేదు. అక్టోబరులో అదే ప్రభుత్వం వాళ్ళలో కొందరిని ఫ్రంట్‌కి పంపాలని చూసింది. అప్పుడు ఊళ్ళోని దండు, బోల్షెవిక్కులు (లెనిన్ పార్టీ వాళ్ళు) నడిపిన సోవియట్ సైనిక విప్లవ కమిటీ మాట వినడం మొదలుపెట్టింది. మీరు అడిగిన లెనిన్ కథ మొదలయ్యేది అక్కడ.