లేజర్ కంటే ముందు ఆ మచ్చ ఏమిటో తేలాలి

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు, మాది నర్సంపేట. ఎడమ చెంప మీద చిన్నప్పటి నుంచి ఉన్న పుట్టుమచ్చ ఏడాదిగా పెరుగుతోంది. ఎవరో చెబితే సున్నం, సోడా కలిపి రెండుసార్లు పెట్టాను. పొక్కు కట్టి రాలిపోయింది గానీ మళ్లీ నల్లగా వచ్చింది, అప్పుడప్పుడు రక్తం కూడా కనిపిస్తోంది. మెడ మీద చిన్న చిన్న నల్లటి పులిపిర్లు ఉన్నాయి. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. ఆలోపు లేజర్‌తో అన్నీ తీయించుకోవచ్చా? ఎంత ఖర్చవుతుంది?

సలహా: ఖర్చు సంగతి తర్వాత చూద్దామమ్మా. ఎన్నో ఏళ్లు కదలక మెదలక ఉన్న మచ్చ ఈ వయసులో పెరుగుతున్నదన్నా, దాని నుంచి రక్తం వస్తున్నదన్నా, అది నిరపాయకరమైనదేనని కళ్లతో చూసి నిర్ధారించుకోకుండా లేజర్ చేయించుకొమ్మని నేను చెప్పలేను. ఇలాంటి మచ్చలకు సాధారణంగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ కణజాలాన్ని ఆవిరి చేస్తుంది కాబట్టి, తర్వాత అనుమానం వచ్చినా పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. మన చర్మ రంగు వారిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదు, వచ్చినా ఎక్కువగా అరికాళ్లలోనో గోళ్ల కిందో వస్తుంది. కానీ ముఖం మీద వచ్చే బేసల్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ మనవారిలో తరచుగా నల్లగానే ఉండి, పుట్టుమచ్చేనని భ్రమ కలిగిస్తుంది. మీది అదేనని అనడం లేదు. సున్నం వల్ల అయిన పుండు నుంచే రక్తం వస్తుండవచ్చు.

అయితే ఆ సున్నం, సోడా మాత్రం చాలా తప్పు. మన పల్లెల్లో ఈ మిశ్రమంతోనో, నల్లజీడి రసంతోనో ముఖం కాల్చుకుని వచ్చేవారిని చూసినప్పుడల్లా మనసు కష్టంగా ఉంటుంది. ఆ క్షారం ఎంత లోతుకు కాలుస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. పైపొర రాలిపోయినా లోపలి మచ్చ కణాలు మిగిలి, గాయపు మచ్చలోంచి వంకరటింకరగా మళ్లీ రంగు తేలుతుంది, సూక్ష్మదర్శినిలో చూసినా ఒక్కోసారి క్యాన్సర్‌ను పోలి పాథాలజిస్టును సైతం తికమక పెడుతుంది. అందుకే డాక్టరుకు ఈ విషయం దాచకుండా చెప్పండి. ఇక మీదట దాని మీద ఏదీ పూయకండి.

ఈ వారంలోనే హనుమకొండలో చర్మవైద్యునికి గానీ, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో గానీ చూపించుకోండి. మచ్చను పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ అనే పరికరంతో చూశాక కూడా అనుమానం మిగిలితే, మచ్చను కోసి తీసి బయాప్సీకి, అంటే సూక్ష్మదర్శిని పరీక్షకు, పంపుతారు. చిన్న కుట్ల గుర్తు ఉండవచ్చు, దానికి వెనుకాడవద్దు.

మెడ మీదివి బహుశా నిరపాయకరమైనవే, చూశాక లేజర్‌తోనో, వేడితో కాల్చే కాటరీతోనో తీయవచ్చు. మెడ మడతలు నల్లబడి దళసరిగా ఉంటే ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. అలా తీశాక కట్టే పొక్కులు వారం పది రోజుల్లో రాలినా, మన చర్మంపై ఆ చోట నలుపు కొన్ని నెలలు నిలవవచ్చు కనుక, వాటిని పెళ్లయ్యాకే తీయించుకోండి.