లిచీకి పూత లేదు, అవకాడో ఆకు మాడుతోంది – తీసేయాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. ఎర్ర నేల, బోరు నీళ్లు. ఇంటి పక్కన ఐదు గుంటల్లో ఆరేళ్ల కిందట నాలుగు లిచీ, మూడు అవకాడో మొక్కలు నాటాను. ఎండ బాగా తగిలితే చాలని నర్సరీలో చెప్పారు. లిచీలు గుబురుగా పెరిగాయి కానీ ఒక్కసారీ పూయలేదు. అవకాడో ముదురాకుల కొసలు ఏటా మాడుతున్నాయి. వానలు మొదలయ్యాక ఒక చెట్టు వడలిపోతోంది. తీసేసి వేరేవి పెట్టుకోమంటారా? – ఒక రైతు

జవాబు: ముందు వడలిపోతున్న చెట్టు సంగతి చూడండి, మిగతావి ఆగుతాయి. అవకాడోకు నీరు పీల్చే వేర్లు ఎక్కువగా పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. మొదలుకు రెండడుగుల దూరంలో చేత్తో మట్టి తీసి చూడండి. సన్న వేర్లు తెల్లగా ఉంటే భయం లేదు. నల్లబడి, పట్టుకుంటే పుటుక్కున తెగుతుంటే అది ఫైటోఫ్తొరా వేరుకుళ్లు. నీరు నిలిచే చోట వస్తుంది. ఆకు వాడిందని చాలామంది ఇంకా నీళ్లు పెడతారు, చెట్టు మరింత తొందరగా పోతుంది. మీరు నీళ్లు ఆపి, వాన నీరు బయటకు పోయేలా కాలువ తీయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి పాదంతా తడిసేలా పోయండి. 15–20 రోజులకు మరోసారి పోయండి. మిగతా రెండింటి పాదుల్లోనూ తవ్వకండి. ఎండుటాకులు నాలుగంగుళాల మందాన పరిచి, కాండానికి తగలకుండా జానెడు వదలండి.

ఆకు కొసలు మాడటానికి ఎండ ఒక్కటే కారణం కాకపోవచ్చు. కొస నుంచి లోపలికి, అదీ ముదురాకుల్లో మాడుతోందంటే నాకు ముందు మీ బోరు నీటి మీదే అనుమానం. అవకాడో ఉప్పును, ముఖ్యంగా క్లోరైడును అసలు తట్టుకోలేదు. నీటి పరీక్ష తప్పక చేయించండి. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండేదీ క్లోరైడే, కాబట్టి దాని బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. వేసవిలో పడమటి వైపు షేడ్ నెట్ కట్టండి. కాండానికి సున్నం కొడితే బెరడు పగలదు.

ఇక లిచీ. మీ సాగులో తప్పేమీ లేదు. లిచీకి ఎండ కావాలన్నది నిజమే, కానీ పూత రావాలంటే చలి కావాలి. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో అంత బాగా కాసేది, మన దగ్గర విశాఖ మన్యంలోని చింతపల్లి కొండల్లో కాసేది అందుకే. మీ దగ్గర శీతాకాలంలోనూ చెట్టు చిగురేస్తూనే ఉంటుంది. ఆ చిగురు వచ్చిందంటే ఆ ఏడు పూత లేనట్టే. అక్టోబరు నుంచి నీళ్లు, నత్రజని ఆపి రెండేళ్లు చూడండి. వస్తుందని మాట ఇవ్వలేను. పూత మందుల మీద మాత్రం డబ్బు పోయొద్దు. కాయకపోయినా చల్లని నీడ ఇచ్చే చెట్టు అది. ఆరేళ్లు పెంచినదాన్ని నరకమనడానికి నాకు మనసొప్పదు.

ఖాళీ జాగాలో ఏం పెట్టాలో మీ జిల్లాయే చెబుతోంది. బత్తాయి కూడా లిచీలాగే కాస్త చలి కోరే ఉపోష్ణ మండలపు చెట్టే. అయినా నల్గొండలో అంతగా నిలదొక్కుకుంది, ఎందుకంటే నిమ్మజాతి చెట్లకు చలి చాలకపోయినా బెట్ట సరిపోతుంది. కొన్ని వారాలు నీళ్లు ఆపి, మళ్లీ తడి ఇస్తే పూత విరగబడుతుంది. జామ, దానిమ్మ కూడా ఇలా లొంగుతాయి. ఇంటి తోటకు నేనైతే ముందు జామ పెట్టమంటాను. అలహాబాద్ సఫేదా గానీ, ఎల్-49 గానీ అంటు మొక్కలు తెచ్చుకోండి. పక్కన గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ నిమ్మ ఒకటి రెండు చాలు. దానిమ్మకు బ్యాక్టీరియా మచ్చ తెగులు బెడద ఎక్కువ, రోజూ కనిపెట్టుకుని ఉండగలిగితేనే పెట్టండి.

అవకాడో మళ్లీ నాటాలనుకుంటే గింజ మొక్క వద్దు, అంటు మొక్కే తెండి. వేరుకుళ్లు అని తేలితే ఆ గుంతలో మాత్రం నాటకండి. ఆ తెగులు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.