అల్లుడూ, హీత్రోలో దిగేముందు ఇది చదువు

ఒరే అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో గంటసేపు ఒకటే గోల. వాడు అక్కడ ఎలా తిరుగుతాడు, దారి తప్పితే ఎవర్ని అడుగుతాడు అని. ఫోన్‌లో మ్యాప్ ఉన్నంతకాలం ఎవడూ తప్పిపోడు, అక్కకి అదే చెప్పాను. లండన్‌లో మనవాళ్లకి డబ్బులు వదిలేది దారి దగ్గర కాదు, కార్డు దగ్గర.

నువ్వు దిగే రోజు నాకు డ్యూటీ, రాలేను. కాబట్టి హీత్రో టెర్మినల్ 5లో బయటికి రాగానే హీత్రో ఎక్స్‌ప్రెస్ అని పెద్ద పెద్ద బోర్డులు కనిపిస్తే అటు చూడకు, అది ఆఫీసు డబ్బులతో తిరిగేవాళ్ల బండి. నువ్వుండబోయే ఈస్ట్ హామ్‌కి పికడిల్లీ లైన్ ట్యూబ్, అంటే ఇక్కడి మెట్రో రైలు, ఎక్కు. అక్కడే మొదలయ్యే రైలు కాబట్టి సీటు దొరుకుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఊరి నడిబొడ్డు దాకా పోయి, రెండు సూట్‌కేసులు మోసుకుంటూ మెట్లెక్కి దిగి అప్పుడు లైన్ మారతారు. నువ్వు హామర్‌స్మిత్‌లో దిగిపో. అదే ప్లాట్‌ఫాం అవతలి అంచుకి డిస్ట్రిక్ట్ లైన్ వస్తుంది, మ్యాప్‌లో ఆకుపచ్చ రంగుది. నాలుగడుగులు వేస్తే చాలు, ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. కాకపోతే రైలు మీద ఏ పేరుందో చూసి ఎక్కు. కొన్ని టవర్ హిల్‌లోనే ఆగిపోతాయి, అప్‌మిన్‌స్టర్ అనో బార్కింగ్ అనో ఉంటేనే ఈస్ట్ హామ్ దాకా వెళ్తుంది. మొత్తం గంటన్నర పైనే. నిద్రపోకు.

ఇక కార్డు. కాంటాక్ట్‌లెస్ గుర్తున్న బ్యాంకు కార్డు ఏదైనా పనిచేస్తుంది, ఆయిస్టర్ అనే ఇక్కడి ప్రయాణాల కార్డు కొనాల్సిన పనిలేదు. మన ఇండియా కార్డయితే బ్యాంకు పైన కొంత వేసుకుంటుంది, ఇక్కడ అకౌంట్ తెరిచేదాకా భరించు. పసుపు రంగు రీడర్‌కి ఎక్కేముందు ఆనించాలి, దిగాక కూడా ఆనించాలి. ఒకటి మర్చిపోతే నువ్వు ఎక్కడినుంచి వచ్చావో దానికి తెలియదు కాబట్టి ఎక్కువలో ఎక్కువ ఛార్జీ గుంజేస్తుంది. ట్యూబ్‌లో సాధారణంగా గేటు ఉంటుంది, మర్చిపోలేవు. డీఎల్‌ఆర్ అని తూర్పు లండన్‌లో తిరిగే చిన్న రైళ్ల స్టేషన్లలో చాలాచోట్ల గేట్లే ఉండవు, మెట్ల పక్కన ఒక స్తంభానికి రీడర్ బిగించి ఉంటుంది, అంతే. నేను వచ్చిన కొత్తలో గేటు లేదు కదా అని దర్జాగా నడుచుకుంటూ బయటికి పోయేవాణ్ణి. నెలాఖరున స్టేట్‌మెంట్ చూసుకుని మీ అత్తకి చూపించకుండా దాచాను.

ఇంకోటి. పొద్దున కార్డు, సాయంత్రం ఫోన్ వాడకు. ఒకే అకౌంట్ అయినా రెండూ వేరువేరు మనుషుల్లాగా లెక్క. రోజుకి ఇంత దాటితే ఇక కొయ్యరు అనే పరిమితి ఒకటుంది, అలా మార్చి మార్చి వాడితే ఆ లాభం పోతుంది. ఫోనే వాడతానంటావా, ఛార్జింగ్ అయిపోతే గేటు దగ్గర ఇరుక్కుంటావు, చూసుకో.

నన్నడిగితే స్టూడెంట్‌కి ట్యూబ్ కన్నా బస్సే చుట్టం. 2025 లెక్కలో 1.75 పౌండ్లు, మొదటిసారి ఆనించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ కొయ్యరు. ఎక్కేటప్పుడు ఒక్కసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. నగదు తీసుకోవడం 2014లోనే మానేశారు, కాబట్టి మన ఆర్టీసీ కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చే చిల్లర బాకీలు ఇక్కడుండవు. ఈస్ట్ హామ్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్‌కి 238 ఎక్కు, పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఊరు చూసినట్టూ ఉంటుంది. ట్యూబ్ తప్పనప్పుడు, పని వీలైతే, పొద్దున 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7 మధ్య ఎక్కకు, అప్పుడు ఛార్జీ ఎక్కువ. శని, ఆదివారాలు ఆ బెడద లేదు. కానీ రిపేర్లని లైన్లకి లైన్లే ఆపేసేది ఆ రెండ్రోజులే, శుక్రవారం రాత్రే చూసుకో.

యూనివర్సిటీలో చేరగానే 18+ స్టూడెంట్ ఆయిస్టర్‌కి అప్లై చెయ్యి. ఒక మెలిక ఉంది. 30 శాతం తగ్గింపు వారం, నెల పాసుల మీదే, విడివిడి ప్రయాణాల మీద కాదు. రోజూ కాలేజీ ఉంటేనే గిట్టుబాటు.

ట్యూబ్ మ్యాప్‌ని దూరాలకి నమ్మకు, అది స్కేలు ప్రకారం గీసింది కాదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి ట్యూబ్ ఎక్కావంటే నవ్వుతారు, నడిస్తే ఐదు నిమిషాలు. ఎస్కలేటర్ మీద కుడిపక్కన నిలబడు, ఎడమ పక్క నడిచేవాళ్లది. అటు నిలబడితే ఎవరూ తిట్టరు, వెనక నుంచి ఒక నిట్టూర్పు వదులుతారు, అది తిట్టుకన్నా ఘోరం. శుక్ర, శనివారాల్లో కొన్ని లైన్లు రాత్రంతా నడుస్తాయి గానీ మీ డిస్ట్రిక్ట్ లైన్ వాటిల్లో లేదు. ఆలస్యమైతే సెంటర్ నుంచి ఎన్15 నైట్ బస్సు పట్టుకో.

డిసెంబర్ 25న ట్యూబూ ఉండదు, బస్సూ ఉండదు. ఆ రోజు మా హారో ఇంటికి రావాలంటే 24 సాయంత్రమే బయల్దేరు. అత్త పులిహోర చేస్తానంది.

మామయ్య