మొత్తం భయపెట్టి ఆఖర్లో ఉసూరుమనిపించిన నవల ఏదైనా చదివారా?

చదివా. పేరు చెప్తే కొట్టడానికొస్తారేమో, డ్రాకులా. సినిమాలు కాదు, 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన అసలు నవలే.

సగం ఇంట్లో అయింది, మిగతాది వైజాగ్ నుంచి హైదరాబాద్ వస్తూ గోదావరిలో అప్పర్ బెర్త్ మీద. ఫోన్లో ఫ్రీగా దొరికే ఫైల్. కింద బెర్త్‌లో ఒకాయన ఇయర్‌ఫోన్స్ లేకుండా రీల్స్, అర్ధరాత్రి దాటినా అదే గోల, టికెట్‌తో పాటు వీళ్లకి బుద్ధి కూడా అమ్మితే బాగుండు.

రాజమండ్రి వచ్చేసరికి లూసీ సమాధి సీన్. డ్రాకులా రక్తం పీల్చి చంపితే పిశాచంగా మారిన పిల్ల ఈ లూసీ. కాబోయే మొగుడి చేతే ఆ పిల్ల గుండెల్లో కర్ర మేకు దిగ్గొట్టిస్తారు, తర్వాత తల కోసి నోట్లో వెల్లుల్లి కుక్కుతారు. పిశాచం చావాలంటే ఇదే పద్ధతి అని పిశాచాల్ని వేటాడే ముఠాకి పెద్ద, ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ పేజీలకి పేజీలు క్లాసు పీకుతాడు (ఆయన మొదలుపెడితే ఆపడు, అదింకో బాధ). సరే, లూసీకే ఇంత చేస్తే అసలువాడు డ్రాకులాకి ఎంత చేస్తారో అని నిద్ర మానుకుని కూర్చున్నా.

కాజీపేట దగ్గర్లో అయిపోయింది. పొద్దు గుంకుతోంది, బండి మీద డ్రాకులా పడుకున్న పెట్టె, మూత తీశారు, ఆ ముఠాలోని జోనథన్ కత్తి పీక మీద, క్విన్సీ కత్తి గుండెల్లో, మనిషి దుమ్ము. రెండు మూడు వాక్యాలంతే! అక్టోబర్ 3న లండన్‌లో బెదిరించి పారిపోయినవాడు మళ్లీ వీళ్లతో ఒక్క ముక్క మాట్లాడకుండా పోయాడు. కాస్త ముందే కోటలో ఉన్న ముగ్గురు ఆడ పిశాచాలకి పద్ధతి ప్రకారం మేకులు కొట్టారు, పెద్దాయనకి మాత్రం కత్తులతో సరి.

ఫోన్లో చూస్తే 98 శాతం. ఇంకా ఉంది కదా, ఖచ్చితంగా లేస్తాడు అనుకున్నా. తిప్పితే ఏడేళ్ల తర్వాత అని ఒక చిన్న నోట్, ఆ తర్వాత అంతా కాపీరైట్ రూల్స్! ఆ రెండు శాతం లైసెన్స్ మేటరన్నమాట. బ్యాటరీ కూడా దానికే పోయింది.

నన్నడిగితే రాసేవాడికి ఓపిక అయిపోయింది. అచ్చుకి ముందు టైపు ప్రతిలో కోట మొత్తం కూలిపోయే సీన్ ఉంది, దాన్ని కొట్టేశారు. అది ఉంచినా పైసా వసూల్ అయ్యేది.

చచ్చేముందు వాడి మొహంలో ప్రశాంతత కనిపించింది అంటుంది జోనథన్ భార్య మీనా, దానికి గొప్ప గొప్ప అర్థాలు చెప్పేవాళ్లున్నారు. చెప్పండి వింటా, కానీ ముందు ఆ మేకు సంగతేంటో తేల్చండి.